కంచెకు పది రోజులు, కొలతకు ఓపిక



హోసూరు చుట్టుపక్కల మనవాళ్ళు చాలామంది స్థలాలు కొని ఇళ్ళు కడుతున్నారు. పిల్లలకు బెంగుళూరులో ఉద్యోగాలు. ఆదివారం వస్తారు, మేస్త్రిని పిలిచి "వచ్చే ఆదివారానికి కంచె అయిపోవాల" అని చెప్పి వెళ్ళిపోతారు. కంచెకు ఎన్ని రోజులు పడుతుందని అడిగితే మేము రెండు లెక్కలు చెప్తాము.

మొదటిది పని లెక్క. 40 అడుగులకు 60 అడుగుల స్థలం, అంటే ఒక గ్రౌండు, 2400 చదరపు అడుగులు. చుట్టూ కొలిస్తే 200 అడుగులు. ఎనిమిది అడుగులకు ఒక రాతి కూసం వేస్తే సుమారు 25 కూసాలు. గుంతలు తవ్వి నిలబెట్టడానికి ఇద్దరు మనుషులకు రెండు రోజులు. కింద బండ తగిలితే ఇంకా ఎక్కువ. కూసం చుట్టూ పోసిన కాంక్రీటుకు వారం రోజులు నీళ్ళు పట్టాల. తర్వాత ఇనుప వల లాగి కట్టేది ఒక రోజు పని. మొత్తం పది రోజులు. మూడు రోజుల్లో ముగిస్తానని ఎవరైనా అంటే నీళ్ళు పట్టే వారం లెక్కలో లేదని అర్థం. పచ్చి కాంక్రీటు మీద వల బిగిస్తే మూల కూసం లోపలికి వాలుతుంది.

రెండోది కొలత లెక్క. తగాదాలన్నీ ఇక్కడే పుడతాయి. మన కాగితాల్లో క్రయపత్రం అడుగుల్లో ఉంటుంది, పట్టా హెక్టేరు, ఏర్లలో ఉంటుంది, పాత ఎఫ్.ఎం.బి. పటం లింకుల్లో ఉంటుంది. వంద లింకులు 66 అడుగులు. ఒక ఏరు సుమారు 1076 చదరపు అడుగులు. ఈ మూడూ ఒకదానికొకటి సరిపోతున్నాయా అని మొదట ఇంట్లో కూర్చుని చూసుకోవాల. తర్వాత తాలూకా ఆఫీసుకు అర్జీ పెట్టి, ఫీజు కట్టి, సర్వేయరుతో హద్దు కొలిపించాల. ఇది రెండు వారాల్లో కావచ్చు, రెండు మూడు నెలలూ పట్టవచ్చు.

చాలామంది ఇది వదిలేసి పక్కింటి గోడ నుంచి టేపు పట్టిస్తారు. ఆ గోడే అడుగు తప్పి ఉంటే మన కంచె కూడా అడుగు తప్పుతుంది, దాని పక్క ఇల్లూ తప్పుతుంది. కొలత సర్వే రాయి నుంచి రావాల.

"అన్నా, అంతదాకా ఖాళీగా పెడితే ఎవరైనా ఆక్రమిస్తారు కదా" అని అడుగుతారు. న్యాయమైన మాటే. అప్పటిదాకా నాలుగు మూలల రాళ్ళు పాతి, తీగ ఒక వరస లాగి, ఫోటోలు తీసి పెట్టుకోండి. కొలత తేడా వస్తే తీగ మార్చేది ఒక పూట పని. కాంక్రీటు పోసిన కూసాలు పెరికేటప్పుడు మాత్రం రెండిళ్ళ మధ్య మాట కూడా తెగిపోతుంది. అట్లని తప్పు కంచెను ఏళ్ళ తరబడి చూస్తూ ఊరుకోనూ కూడదు. 1963 కాలపరిమితి చట్టం ప్రకారం, అవతలివారు మన స్థలాన్ని తమదేనని 12 ఏళ్ళు బాహాటంగా అనుభవిస్తే, తిరిగి అడిగే హక్కే పోయే ప్రమాదం ఉంది.

మా వీధిలోనే రెండు కుటుంబాలు, ఇద్దరూ మనవాళ్ళే, ముప్పావు అడుగు సందు కోసం కోర్టుకు పోయినారు. వకీలుకు పెట్టిన ఖర్చుతో రెండు వైపులా గోడే కట్టి ఉండవచ్చు. పెళ్ళి పత్రిక ఇచ్చేది కూడా నిలిచిపోయింది. కంచె వేసే రోజు పక్కింటాయనను పిలిచి టేపు ఒక కొన ఆయన చేతికి ఇచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదని మా అభిప్రాయం.

కాబట్టి సంఘానికి మా మనవి ఒకటి. సభ్యులు ఎవరైనా హద్దు కొలిపించేటప్పుడు చెప్తే, ఇద్దరు పెద్దలు పోయి అక్కడ నిలబడాల. తీర్పు చెప్పే పని మనకు వద్దు, అది సర్వేయరు చూసుకుంటాడు. ఇరువైపులవారు ఒకే కొలత కళ్ళారా చూసినారని సాక్ష్యంగా ఉంటే చాలు. పటం చదివేది తెలియనివారికి చదివి చెప్పవచ్చు. వచ్చే కూటంలో దీన్ని తీర్మానంగా పెట్టాలని కోరుతున్నాము.