పెట్టె తీసేశాం, తాళం అలాగే ఉంది

మారతహళ్లిలో ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద మూడు సెట్‌టాప్ బాక్సులు బయటపడ్డాయి. మూడూ మూడు కంపెనీలవి. ఏదీ చెడిపోలేదు. ఒక్కోదానికి వెయ్యికి పైనే కట్టిన గుర్తు. ఒకదాని అట్టపెట్టెలో అప్పటి రశీదు కూడా ఉంది. అందులో ‘యాక్టివేషన్ చార్జీలు’ అని రాశారు తప్ప, ఆ వస్తువు నాకు అమ్మారో అద్దెకిచ్చారో ఎక్కడా లేదు. పాత సామాన్లు కొనే అతను ఒక్కోదాన్నీ అరచేతిలో తూచి చూసి, ‘లోపల రాగి ఏముండదు సార్, మూడూ కలిపి ముప్పై ఇస్తా’ అన్నాడు.

బెంగళూరులో మనవాళ్ల బతుకు పదకొండు నెలల అగ్రిమెంటు మీద నడుస్తుంది. ఆంధ్రా పీజీ నుంచి సింగిల్ బెడ్‌రూమ్‌కి, అక్కణ్నుంచి పిల్లల బడి దగ్గరికి, ఓనరు అద్దె పెంచితే మరో వీధికి. ఫోన్ నంబరు మనతో వస్తుంది, గ్యాస్ కనెక్షన్ బదిలీ అవుతుంది, కేబుల్ పెట్టె మాత్రం రాదు. ఈ వీధి ఆపరేటర్ వేరు, ఆ వీధి ఆపరేటర్ వేరు. అందుకే టీవీ వెనక ఒక స్టిక్ గుచ్చుకుని యాప్‌లలో చానళ్లు చూసే అలవాటు ఇక్కడి అద్దె ఇళ్లకు తొందరగా ఒంటబట్టింది. నేనూ మారాను. మారినందుకు విచారమేమీ లేదు. అయితే పెట్టె బాధ తప్పిందన్న సంబరంలో ఒక సంగతి మన కంట పడటం లేదు. పెట్టెకున్న తాళాన్ని కంపెనీలు ఊడదీసి మన ఇంటర్నెట్ ఖాతాకు బిగించాయి.

అసలు ఆ పెట్టె ఇంట్లోకి ఎందుకొచ్చిందో గుర్తు చేసుకోవాలి. అంతకుముందు వీధి స్తంభం నుంచి వచ్చిన వైరు నేరుగా టీవీలో దూరేది. ఎన్ని ఇళ్లకు కనెక్షన్ ఉందో ఆపరేటర్‌కు తప్ప ఎవరికీ తెలియదు. చానళ్లకు వంద ఇళ్లు చూపించి మూడు వందల ఇళ్లలో వసూలు చేసుకున్నా అడిగే దిక్కు లేదు. ఆ లెక్క తేలడానికి 1995 నాటి కేబుల్ టీవీ చట్టాన్ని 2011లో సవరించి డిజిటల్ ప్రసారం తప్పనిసరి చేశారు. రెండో దశలో బెంగళూరు, హైదరాబాద్, విశాఖపట్నం సహా 38 నగరాలకు 2013 మార్చి 31 గడువు పెట్టారు. ఆ విధంగా ప్రతి టీవీ పక్కనా ఒక పెట్టె కూర్చుంది. చానళ్లను గుప్తసంకేతాలతో మూసి పంపుతారు, తెరిచే తాళంచెవి పెట్టెలో ఉంటుంది. ఆ పెట్టె తన కంపెనీకి తప్ప మరొకరికి పలకదు. నా అటక మీది మూడింటి కథ అంతే.

ఇలా కాకూడదని ప్రభుత్వానికి మొదటే తెలుసు. 2001లో డీటీహెచ్ నిబంధనలు రాసినప్పుడే, ఒక కంపెనీ పెట్టె మరో కంపెనీకి పనికొచ్చేలా ఉండాలని రాసుకున్నారు. కాగితం మీదిది కాగితం మీదే ఉంది. 2011 జనవరిలో మొబైల్ నంబరు మార్చుకోకుండా కంపెనీ మార్చుకునే వీలు దేశమంతటా వచ్చింది. పెట్టెకు ఆ యోగం పట్టలేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఛైర్మన్‌గా ఆర్.ఎస్.శర్మ 2019లో ఈ పని ఆ ఏడాదిలోగా తేల్చేస్తామన్నారు. 2020 ఏప్రిల్‌లో ట్రాయ్ సిఫార్సులు ఇచ్చింది. ప్రతి పెట్టె అన్ని కంపెనీలకూ పనిచేయాలి, దేశంలో అమ్మే డిజిటల్ టీవీలకు అందుకు తగిన యూఎస్‌బీ ద్వారం ఉండాలి అని. మీ ఇంట్లో టీవీ వెనక యూఎస్‌బీ రంధ్రం ఉండే ఉంటుంది. అందులో పెన్‌డ్రైవ్ పెట్టి పెళ్లి వీడియో చూడొచ్చు. కేబుల్ రాదు.

అమెరికాలోనూ ఇదే కథ, కాకపోతే డాలర్లలో. అక్కడ పెట్టెకు నెలనెలా అద్దె కడతారు. సగటు కుటుంబం ఏడాదికి 231 డాలర్లు ఒక్క పెట్టెల అద్దెకే పోస్తోందని ఇద్దరు సెనేటర్లు లెక్క తేలిస్తే, 2016 ఫిబ్రవరిలో సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఆ పెట్టెల తలుపు తెరిపించాలని పూనుకుంది. సెప్టెంబరుకల్లా ప్రతిపాదన రూపం మారింది. కేబుల్ కంపెనీలు తమ చానళ్లను యాప్‌గా ఉచితంగా ఇవ్వాలి, రోకు అయినా ఆపిల్ టీవీ అయినా జనం తమకు నచ్చిన పరికరంలో చూసుకోవాలి. ఓటింగు జరగాల్సిన రోజే దాన్ని పక్కన పెట్టేశారు. మరుసటి ఏడాది ఎఫ్‌సీసీ అధ్యక్షుడిగా వచ్చిన అజిత్ పాయ్ ఆ ఫైలునే ఎత్తేశారు. చట్టం చేయలేనిది ఆ తర్వాత మార్కెట్టే చేసింది కదా అంటారు. చేసింది, తనకు అనువైన పద్ధతిలో.

మన దగ్గరా అదే పద్ధతి. 2024 ఆగస్టులో జియో తన టీవీ యాప్‌ను ఆండ్రాయిడ్, ఫైర్, ఆపిల్ టీవీలన్నిటికీ విడుదల చేసింది. ఎనిమిది వందలకు పైగా చానళ్లు, ఒకే కనెక్షన్ మీద రెండు టీవీలు, రెండో టీవీకి పెట్టె అక్కర్లేదు. ఇది చిన్న లాభం కాదు. కేబుల్‌లో రెండో టీవీ అంటే రెండో పెట్టె, దాని మీద మళ్లీ నెట్‌వర్క్ ఫీజు. అది మొదటి టీవీ ఫీజులో 40 శాతం దాటకూడదని ట్రాయ్ 2020లో గీత గీయాల్సి వచ్చింది. మరి యాప్‌లో చిక్కెక్కడ? మీ దగ్గర జియో ఇంటి ఇంటర్నెట్ ఉంటేనే అది తెరుచుకుంటుంది. వేరే కంపెనీ ఫైబర్ ఉన్నవాడికి ఆ యాప్ బొమ్మ మాత్రమే. ఇంటర్నెట్ వేగం బాగోలేదని కంపెనీ మారిస్తే చానళ్లూ పోతాయి. పెట్టె ఉన్న రోజుల్లో టీవీకొక కంపెనీ, నెట్‌కొక కంపెనీ పెట్టుకునే స్వేచ్ఛ అయినా ఉండేది.

ఈ మార్పు బెంగళూరుకు కొత్తేం కాదు. యాక్ట్ సంస్థ 2000లో ఇక్కడ కేబుల్ టీవీ వ్యాపారంగానే పుట్టింది. హైదరాబాదులో బీమ్ టెలికాంను కలుపుకుని, ఇప్పుడు రెండు ఊళ్లలోనూ జనం దాన్ని ఇంటర్నెట్ కంపెనీగానే ఎరుగుదురు. టీవీ వైరు కన్నా నెట్ వైరులో డబ్బుందని అది ముందే కనిపెట్టింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2017 చివర్లో ఫైబర్‌నెట్‌ను 149 రూపాయలకు ఇచ్చినప్పుడూ ఇంటర్నెట్, ఫోను, చానళ్లు కలిపే ఇచ్చింది, పెట్టెతో సహా. కలిపి కట్టడం కంపెనీలకూ ప్రభుత్వాలకూ సమానంగా ఇష్టమే.

ఇక డబ్బు లెక్క. 2019 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన ట్రాయ్ ధరల ఉత్తర్వును అప్పట్లో అందరం తిట్టాం. బిల్లు పెరిగిందన్న మాటా నిజమే. కానీ అది ఒక మంచి పని చేసింది. ప్రతి చానల్ ధరా విడిగా అచ్చయింది. ప్యాక్‌లో చేర్చే చానల్ ధర 19 రూపాయలు దాటకూడదు. నాకు కావలసినవి నాలుగే అనుకుందాం: ఈటీవీ, జెమిని, స్టార్ మా, జీ తెలుగు. నాలుగూ 19 చొప్పునే వేసుకున్నా 76. వంద చానళ్లకు నెట్‌వర్క్ ఫీజు అప్పట్లో 130. మొత్తం 206, జీఎస్టీతో 243 రూపాయలు. కన్నడ ప్యాక్‌లో మన చానళ్లు లేవని ఇక్కడి ఆపరేటర్‌తో పేచీ పడాల్సిన పని లేదు, విడిగా అడిగి తీసుకోవచ్చు. ఊరుగాని ఊళ్లో ఉన్నవాడికి ఆ హక్కు విలువ బాగా తెలుస్తుంది.

యాప్‌లో ఆ హక్కు లేదు. అవే నాలుగు చానళ్ల కోసం వాటి యజమానుల దగ్గరికే వెళ్తే ఈటీవీ విన్, సన్ నెక్స్ట్, జియోహాట్‌స్టార్, జీ5 అని నాలుగు దుకాణాలు ఎక్కాలి. సీరియల్ ఒక్కటీ చాలంటే కుదరదు, సినిమాలూ క్రికెట్టూ కలిపిన చందా కట్టాలి. ధర ఎప్పుడు పెంచుతారో వాళ్ల ఇష్టం. ట్రాయ్‌కి ఫిర్యాదు చేద్దామంటే ఓటీటీ దాని పరిధిలోది కాదు. 2023లో కేబుల్ కంపెనీల సమాఖ్య, స్టార్ తన క్రికెట్‌ను మొబైల్‌లో ఉచితంగా ఇస్తోందని టెలికాం వివాదాల ట్రిబ్యునల్ టీడీశాట్‌కు వెళ్తే, ఓటీటీ ట్రాయ్ చట్టం కిందికి రాదని మధ్యంతర ఉత్తర్వులో ట్రిబ్యునల్ చెప్పింది. అదే చానల్, అదే సీరియల్, అదే రాత్రి ఎనిమిది గంటలు. వైరులో వస్తే 19 రూపాయల గీత ఉంది, యాప్‌లో వస్తే లేదు. వైరు వైపూ పట్టు సడలుతోంది. 2024 జులైలో నెట్‌వర్క్ ఫీజు మీదున్న పరిమితిని ట్రాయ్ ఎత్తేసింది.

మా అమ్మ కడప నుంచి వచ్చినప్పుడు ఇంకో సంగతి తెలిసొచ్చింది. కేబుల్ రోజుల్లో ఆమెకు చానల్ నంబర్లన్నీ కంఠతా వచ్చు. చీకట్లో కూడా రిమోట్ తడిమి నొక్కేది. ఇప్పుడు టీవీ పెట్టగానే ఎవరెవరివో సినిమా బొమ్మలు, ఎక్కడ నొక్కాలో తెలియదు. ఒకరోజు నేను ఆఫీసు మీటింగులో ఉండగా ఫోను. ‘ఒరేయ్, టీవీ ఏందో నంబరు అడుగుతాంది రా, నీ ఫోనుకు వచ్చిందంట.’ ఓటీపీ వెతికి చెప్పేలోపు గడువు దాటింది. ఇంకోటి పంపించి, ఒక్కో అంకె చెప్పి, ఆమె రిమోట్ బాణాలతో జరుపుకుంటూ కొట్టేసరికి సీరియల్ సగం అయిపోయింది. సాయంత్రం అడిగింది: ‘మీ నాయన ఉన్నెప్పుడు గోడలో నుంచి వైరు గుచ్చితే బొమ్మ వచ్చేది గదరా?’ ఖాతా నా పేరున, నా ఫోన్ నంబరు మీద ఉంది. టీవీ ముందు కూర్చునేది ఆమె. పెట్టెకైతే ఇంట్లో ఎవరు చూస్తున్నారన్న పట్టింపు ఉండేది కాదు.

కేబుల్ ఆపరేటర్ల కోసం నేను కన్నీళ్లు పెట్టను. ఒక్కో వీధికి ఒక్కో జమీందారులా నడిచిన రోజులు మరిచిపోలేదు. అయినా వర్షానికి వైరు తెగితే రాత్రి తొమ్మిదింటికి నిచ్చెన భుజాన వేసుకుని వచ్చింది ఆ కుర్రాడే. కేబుల్ సమాఖ్య, కన్సల్టింగ్ సంస్థ ఈవై కలిసి వేసిన లెక్క ప్రకారం డబ్బు కట్టి టీవీ చూసే ఇళ్లు 2018లో 15.1 కోట్లు, 2024లో 11.1 కోట్లు. ఆ తగ్గిన నాలుగు కోట్ల ఇళ్ల వెనక నిచ్చెనలు మోసిన చేతులెన్నో. ఇప్పుడు యాప్ ఆగిపోతే చాట్‌లో ఒక మర వచ్చి రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేయమంటుంది.

తాళాలు ఇంకా పైఅంతస్తులో కూడా పడుతున్నాయి. టీవీ లోపలి సాఫ్ట్‌వేర్ ఎవరిదైతే, ఏ యాప్ ముందు కనిపించాలో నిర్ణయించేది వాళ్లే. ఆండ్రాయిడ్ టీవీల విషయంలో టీవీ తయారీదారుల చేతులు గూగుల్ కట్టేస్తోందన్న ఫిర్యాదు మీద 2025 ఏప్రిల్‌లో పోటీ కమిషన్ రాజీని ఆమోదించింది. గూగుల్ 20.24 కోట్లు కట్టి, ప్లే స్టోర్‌ను విడిగా ఇవ్వడానికి ఒప్పుకుంది. పెట్టెల కంపెనీలను ఇన్నేళ్లలో ఇంత దూరం తీసుకురాలేకపోయాం.

కాబట్టి ట్రాయ్ తన 2020 సిఫార్సుల్ని బీరువాలోంచి తీసి, ‘పెట్టె’ అన్నచోట ‘యాప్’ అని మార్చి మళ్లీ చదువుకోవాలి. చానళ్లు పంచే యాప్ ఎవరి ఇంటర్నెట్ మీదైనా నడవాలి, కావలసినవాళ్లు నెట్ లేకుండా చానళ్లే కొనుక్కునే వీలుండాలి. వైరులో చానల్‌కు ఉన్న విడి ధర యాప్‌లోనూ ఉండాలి. దీనికి చట్టం సవరించాల్సి వస్తుంది. 2011లో పెట్టె పెట్టించడానికి పార్లమెంటు చట్టం సవరించింది, ఆపరేటర్ల లెక్క తేలలేదని. ఇప్పుడు తేలనిది చూసేవాడి లెక్క.