పుట్టుబుద్ధి – పిచ్చుకల సాక్ష్యం

హాస్టల్ మెస్సులో ఎవరి గురించి వాదన మొదలైనా చివరికి ఒకే మాట దగ్గర ఆగుతుంది: "అది వాడి రక్తంలోనే ఉందిరా!" పుట్టుకతో వచ్చింది పుడకలతో గాని పోదన్నారు పెద్దలు. సైన్సు చదువుకున్న మనం 'జీన్స్' అంటున్నాం. పేరు మారింది గాని తీర్పు మారలేదు. జీవశాస్త్రం నిజంగా ఈ తీర్పుకి వత్తాసు పలుకుతుందా? పక్షులనే అడుగుదాం.

సంక్రాంతి బరిలో పుంజు కాలు దువ్వితే జాతిగుణం అంటాం. 1849లో జర్మనీలోని గొట్టింగెన్‌లో బెర్తోల్డ్ అనే శాస్త్రజ్ఞుడు ఆరు పుంజుపిల్లల మీద ప్రయోగం చేశాడు. రెండింటికి వృషణాలు తీసి వదిలేశాడు. అవి కూత మరిచి, పోట్లాట దాదాపు మానేశాయి. తక్కిన నాలుగింటి కడుపులో మాత్రం నరాలు తెగిన వృషణాన్ని ఉంచాడు. అవి మామూలు పుంజుల్లాగే కూశాయి, కొట్లాడాయి. నరాలు లేకపోయినా కబురు అందుతోందంటే అది రక్తం ద్వారానే! దానికి 'హార్మోను' అనే పేరు 1905లో గాని రాలేదు. కాబట్టి 'రక్తంలో ఉంది' అన్నవాడిది సగం నిజం.

ఇక జన్యువుల సంగతి. ఉత్తర అమెరికాలో తెల్లగొంతు పిచ్చుక అని ఒకటుంది. తలమీది చారలు కొన్నిటికి తెలుపు, కొన్నిటికి లేత గోధుమరంగు. తెల్లచారవి తగాదాకోరులు, గోధుమచారవి పిల్లల్ని మేపడంలో శ్రద్ధ గలవి. ఒక క్రోమోజోములో పెద్ద ముక్క తలకిందులవడమే ఈ తేడాకు మూలం. ఆ ముక్కలో ఈస్ట్రోజన్ హార్మోనును అందుకునే గ్రాహకం తాలూకు జన్యువు ఉంది. 2020లో ఎమరీ విశ్వవిద్యాలయ బృందం మెదడులో ఒకచోట దాని పనిని తగ్గిస్తే తెల్లచార పక్షి దూకుడు గోధుమచార దాని స్థాయికి దిగింది.

"చూశారా, అంతా జన్యువే!" అనకండి. తెల్లచార పక్షి దాదాపు ఎప్పుడూ గోధుమచార దానితోనే జత కడుతుంది. ఇందులో ఏది గొప్ప, ఏది తక్కువ?

మూడో సాక్షి మన చూరుల్లో గూడు కట్టే పిచ్చుకే. హెగ్నర్, వింగ్‌ఫీల్డ్ అనేవారు 1987లో ప్రచురించిన పరిశోధనలో మగపిచ్చుకలకు టెస్టోస్టిరోన్ అదనంగా ఇచ్చారు. అవి పిల్లలకు మేత తేవడం తగ్గించాయి. చాలా పిల్లలు బతకలేదు. చాలా పక్షుల్లో ఈ హార్మోను ఎదుటి మగపక్షి సవాలు చేసినప్పుడు పెరిగి, పిల్లల్ని సాకే వేళ తగ్గుతుందని వింగ్‌ఫీల్డ్ బృందం 1990లో ప్రతిపాదించింది. అంటే పొరుగువాడి ప్రవర్తన వీడి రక్తాన్నే మారుస్తోందన్నమాట!

పిచ్చుక మీద తేలినదాన్ని మనిషికి అతికించేయడం కుదరదు, ఒప్పుకుంటాను. కాని గుప్పెడు లేని పిట్టే కాలాన్నిబట్టి, పొరుగునిబట్టి తనని సర్దుకుంటూ ఉంటే, మనిషిని పుట్టిన ఇల్లు చూసి కొలవడం ఏం న్యాయం? మొదటి సంవత్సరం కుర్రాడు మొరటుగా ఉన్నాడా? వాడి కులగోత్రాలు వెతికేముందు, వచ్చిన రోజున మనం వాణ్ణి ఎలా పలకరించామో ఒక్కసారి గుర్తు చేసుకుందాం.