భాంజీ మారే సెనేటర్లు

మన ఇళ్ళల్లో రిష్తా చెడితే మొదటి సవాల్ ఒకటే: "భాంజీ కౌన్ మారా?" పిల్ల నచ్చింది, పెద్దల మాటలు అయిపోయాయి, మంగ్నీ తారీఖు కూడా ఖరారైంది. ఇంతలో ఒక ఫోన్. "హమ్ రుక్ జాతే భాయ్, బురా నక్కో మానో." ఎందుకు, ఎవరేం చెప్పారు అంటే జవాబ్ ఉండదు. మా ఫూఫీ కూతురికి రెండుసార్లు ఇలా జరిగింది. ఇప్పటికీ ఏ దావత్‌కు పోయినా ఆమె ఒక్కో మొహం చూస్తూ "వీళ్ళేనా?" అని వెతుకుతుంటుంది. రిష్తా పోయిన గమ్ కంటే ఆ షక్ ఆమెను ఎక్కువ తినేసింది.

అమెరికా సెనేట్‌లో "హోల్డ్" అనే రివాజ్ గురించి చదువుతుంటే ఆమే యాదొచ్చింది.

అక్కడ జడ్జీలు, రాయబారులు, పెద్ద అఫ్సర్లు కలిపి వెయ్యికి పైగా పదవులకు ప్రెసిడెంట్ పేరు పంపితే సరిపోదు, సెనేట్ మంజూరు చేయాలి. ఒక్కో పేరు మీద పూర్తి బహస్ పెడితే ఏడాది చాలదు. అందుకని 2025 దాకా ఎక్కువ పేర్లను "ఎవరికైనా ఏతరాజ్ ఉందా? లేదు. మంజూర్" అని దాటించేసేవారు. వంద మందిలో ఒక్కరు కాదన్నా ఆ దారి మూసుకుపోయేది. అప్పుడు పూర్తి తతంగం నడపాల్సి వచ్చేది, రోజులు ఖర్చయ్యేవి. కాబట్టి ఒక సెనేటర్ తన పార్టీ లీడర్ చెవిలో "ఆ పేరు ఇప్పుడే తేవద్దు" అంటే చాలు, ఫైలు అక్కడే పడుకునేది. సెనేట్ నియమాల పుస్తకంలో ఈ హక్కు రాసి లేదు. "నేను చదువుకునేదాకా కాస్త ఆగండి" అనే మర్యాదగా మొదలై హథియార్‌గా మారింది. దశాబ్దాల పాటు ఆ చెవిలో మాట ఎవరిదో బయటికి రాలేదు.

2006లో ఒక తమాషా జరిగింది. సర్కారు ఖర్చుల హిసాబ్ అంతా ఇంటర్నెట్‌లో పెట్టాలని టామ్ కోబర్న్, బరాక్ ఒబామా ఒక బిల్లు తెచ్చారు. ఎవరో చాటుగా ఆపేశారు. పారదర్శకత బిల్లుకే పర్దా! బ్లాగర్లు, వాళ్ళ పాఠకులు కలిసి ఒక్కో సెనేటర్ ఆఫీసుకూ ఫోన్ చేశారు: "మీరేనా?" కాదన్నవాళ్ళ పేర్లు కొట్టేస్తూ పోయారు. చివరికి అలాస్కా సెనేటర్ టెడ్ స్టీవెన్స్ ఒప్పుకున్నాడు, తర్వాత రాబర్ట్ బర్డ్ కూడా. బిల్లు సెప్టెంబరులో పాసైంది.

2007లో ఒక ఖానూన్ వచ్చింది. అదీ చాలక 2011 జనవరిలో 92-4 ఓట్లతో ఇంకో తీర్మానం చేశారు. ఏతరాజ్ చెబితే సభ నడిచే రెండు రోజుల్లో పేరు రికార్డులో రావాలని. ఓట్లు చూసి ఖుష్ కాకండి. పేరు చెప్పనివాడికి సజా ఏమిటి? ఏమీ లేదు.

నన్నడిగితే టామీ టూబర్‌విల్ నయం. 2023లో ఈ అలబామా సెనేటర్ సైన్యంలో 400 మందికి పైగా అఫ్సర్ల ప్రమోషన్లను నెలల తరబడి ఆపాడు. నాకు అతని జిద్ నచ్చలేదు. కానీ తన పేరుతో, తన నోటితో ఆపాడు. అందుకే అతని పార్టీ వాళ్ళే సభలో నిలబడి మొహం మీద అడగగలిగారు. డిసెంబరుకు చాలా వరకు వదిలేశాడు.

మనవాళ్ళకు దగ్గరి ముచ్చట దిలావర్ సయ్యద్‌ది. పాకిస్తాన్‌లో పుట్టిన ఈయనను 2021లో చిన్న వ్యాపారాల శాఖలో రెండో స్థానానికి ప్రతిపాదించారు. కమిటీలో రిపబ్లికన్లు "వద్దు" అని ఓటేయలేదు. మీటింగుకే రాలేదు, ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. కోరం లేదు, ఓటింగు లేదు. ఒక ముస్లిం సంస్థతో ఆయనకున్న సంబంధం దగ్గర మొదలైన గుసగుస, అభ్యంతరం వస్తే వేరే కారణాల మీదికి జారింది. మంజూరీ 2023 జూన్‌లో దొరికింది. ఇది సీక్రెట్ హోల్డ్ కాదు, నాకు తెలుసు. కానీ ఖాళీ కుర్చీని జిరహ్ చేయలేం కదా.

ఓటరు ఓటు గుప్తంగా ఉంటే సెనేటర్‌ది ఎందుకు ఉండకూడదని ఒక దోస్త్ అడిగాడు. ఓటరు ఎవరికీ హిసాబ్ చెప్పనక్కర్లేదు. సెనేటర్ కుర్చీలో కూర్చున్నదే హిసాబ్ చెప్పడానికి.

డల్లాస్‌లో ఉన్న మా ఖాలా కొడుక్కి పోయినేడు ఓటు హక్కు వచ్చింది. "నీ సెనేటర్లు ఎవరి పేరు ఆపారో తెలుసా?" అని అడిగా. "నహీ భాయీజాన్, ఇద్దరి పేర్లు మాత్రం తెలుసు" అన్నాడు. ఆఫీసు నంబర్లు వెతకమన్నా. 2006లో ఫోన్లు చేసినవాళ్ళ దగ్గర కూడా అంతకుమించి ఏమీ లేదు.