ఏ యుద్ధం ఆడుకుందాం?

మా వాడు ఇంజనీరింగ్ మూడో ఏడు. కాలేజీ ప్రాజెక్టు కోసం ముగ్గురు స్నేహితులతో కలిసి యాక్షన్ వీడియో గేమ్ ఒకటి తయారు చేస్తున్నాడు. పగలు కాలేజీ, సాయంత్రం నుంచి మా హాలు. నేను దోసెలు వేస్తూనే ఉంటాను, వాళ్ళు తింటూ వాదించుకుంటూనే ఉంటారు. ఏ కాలం తీసుకోవాలి, హీరో చేతికి ఏ ఆయుధం ఇవ్వాలి అన్నదే ఆ వాదనంతా.

ఒకరోజు ఎటూ తేలక మా వాడు వంటింట్లోకి వచ్చి, "అమ్మా, నువ్వు తెలుగు బి.ఏ. కదా, మన చరిత్రలోంచి ఓ మంచి యుద్ధం చెప్పు" అన్నాడు. మంచి సంబంధం ఉంటే చెప్పమన్నట్టు అడిగాడు! అప్పటికి నవ్వేశాను గానీ రాత్రి పడుకున్నాక మాత్రం అదే బుర్రలో తిరిగింది. ఇంతకీ మంచి యుద్ధం అంటే ఏది?

వాళ్ళ మొదటి ఆలోచన గల్వాన్ లోయ. మంచు కొండలు, చీకటి, తుపాకులు లేకుండా చేతులతో పోరాటం, చూడ్డానికి బాగుంటుందని. ఆ నేపథ్యంతో మన దేశంలోనే ఒక గేమ్ 2021 రిపబ్లిక్ డే నాడు వచ్చింది కూడా. గల్వాన్ ఘర్షణ జరిగింది 2020 జూన్ 15 రాత్రి. అంటే ఏడున్నర నెలలు తిరక్కుండానే. ఆదాయంలో కొంత అమర జవాన్ల నిధికి ఇస్తామన్నారు, వాళ్ళ ఉద్దేశాన్ని నేను తప్పు పట్టను. కానీ ఆ రాత్రి మనవాళ్ళు 20 మంది పోయారు. అందులో కల్నల్ సంతోష్ బాబుది మన సూర్యాపేట. ఆయన తల్లి టీవీలో మాట్లాడుతుంటే మా హాల్లో అందరం కూర్చుని చూశాం. కళ్ళు తుడుచుకున్నవాళ్ళలో మా వాడూ ఉన్నాడు.

"ఆ ఇంట్లో పిల్లలు పెద్దయ్యి ఈ ఆట చూస్తే? అందులో కిందపడి ఓడిపోయినవాడు మళ్ళీ బటన్ నొక్కితే లేస్తాడు కదా. వాళ్ళ నాన్న లేవలేదుగా?" అన్నాను. నలుగురూ తినడం ఆపేశారు. గల్వాన్ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

"సరే ఆంటీ, పాతది తీసుకుంటాం. రెండు మూడొందల ఏళ్ళ కిందటిదైతే ఎవరికీ బాధ ఉండదు" అన్నాడు వాళ్ళలో ఒకడు. మొదట నాకూ నిజమే అనిపించింది. కానీ వాళ్ళు ఎంచుకున్నది బొబ్బిలి యుద్ధం. మా అమ్మమ్మది బొబ్బిలి దగ్గర పల్లెటూరు!

1757 జనవరి 24. విజయనగరం రాజు పక్షాన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో బొబ్బిలి కోట మీదికి వచ్చాడు. ఇక కోట నిలవదని తెలిశాక, లోపలున్న ఆడవాళ్ళూ పిల్లలూ శత్రువు చేతికి చిక్కకూడదని సొంత మనుషులే చంపేశారు. బుర్రకథలో ఆ ఘట్టం వచ్చేసరికి మా అమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేది. ఆవిడ పుట్టేనాటికే నూటయాభై ఏళ్ళు దాటిన కథ! పైగా మా ఆయనది విజయనగరం. పెళ్ళయిన కొత్తలో, "మీవాళ్ళు ఫిరంగులు తెచ్చారు" అని నేనంటే, "మీ తాండ్ర పాపారాయుడు గుడారంలో దూరి మా రాజుని చంపాడుగా, చెల్లుకి చెల్లు" అనేవారు. ఇక ఈ గేమ్‌లో శత్రువు ఎవరు? మా వాడు అమ్మ తరఫున ఆడాలా, నాన్న తరఫున ఆడాలా?

అప్పుడు అర్థమైంది, ఎన్నేళ్ళయిందన్న లెక్క ఒక్కటే చాలదని. ఆ యుద్ధంలో దెబ్బ తిన్నవాళ్ళ కథ ఆటలో ఉందా, లేక వాళ్ళు గోడకు బొమ్మల్లా వెనకాల నిలబడి ఉన్నారా అన్నది చూడాలి. బొబ్బిలి కథలో అసలు గుండె కోటలోని ఆడవాళ్ళు. ఆటలో పెడితే మిగిలేది ఫిరంగి మోత.

నాకు ఈ గేమ్‌ల మీద కోపమేమీ లేదు. మా వాడు ఆడుతుంటే పక్కన కూర్చుని చూసినవి చాలానే ఉన్నాయి. "ఘోస్ట్ ఆఫ్ సుషిమా" నాకు నచ్చింది. 1274లో జపాన్‌లోని సుషిమా దీవి మీదికి మంగోలులు దండెత్తిన కథ. అందులో హీరో చేతిలోని కతానా కత్తి ఆ కాలానిది కాదు, తర్వాత వచ్చింది. అప్పటి సమురాయ్‌ల ముఖ్య ఆయుధం విల్లు. అయినా ఆ దీవి వాళ్ళు నొచ్చుకోలేదు. 2021లో ఆ గేమ్ తీసిన అమెరికా వాళ్ళిద్దరిని తమ పర్యాటక రాయబారులుగా గౌరవించారు. తుఫానుకు అక్కడి గుడి తోరణం కూలితే, దేశదేశాల నుంచి ఆ గేమ్ ఆడినవాళ్ళు చందాలు పంపారు. ఆ నేల మీద ప్రేమతో చేశారు కాబట్టి కత్తి తేడా వచ్చినా చెల్లిపోయింది.

నన్ను ఇబ్బంది పెట్టింది "బాటిల్‌ఫీల్డ్ 1". అది మొదటి ప్రపంచ యుద్ధం. ఆ యుద్ధంలో ఎక్కువమంది సైనికుల చేతిలో ఉన్నది ఒక్కో గుండుకీ బోల్టు లాగి పేల్చాల్సిన రైఫిల్. ఆటలో మాత్రం ఎవరిని చూసినా ఆగకుండా పేలే తుపాకులే. కత్తి ఆకారం మారడం వేరు, ఇది వేరు. గుండు గుండుకీ మధ్య ఆ సిపాయి పడ్డ భయాన్నే తీసేశారు. వంటలో ఉప్పు తగ్గితే సర్దుకుంటాం, బియ్యమే వేయకుండా అన్నం అంటే ఎలా?

చివరికి నేను చెప్పింది మన్యం. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు మూడు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి ఆయుధాలు పట్టుకెళ్ళాడు. మొత్తం కలిపి 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు. ఏమేం తీసుకెళ్ళిందీ స్టేషన్ రికార్డులో రాసి సంతకం పెట్టి మరీ వెళ్ళాడు. పిల్లలు గుడ్లప్పగించారు. "26 తుపాకులతో బ్రిటిష్ వాళ్ళ మీదికా ఆంటీ? మా గేమ్‌లో ఒక్కడికే అంతకన్నా ఎక్కువ ఉన్నాయి!"

"అందుకే చెప్పింది. అన్నే ఇవ్వండి. తూటా పేల్చిన ప్రతిసారీ లెక్క తగ్గాలి. మిగతావాళ్ళ చేతిలో విల్లూ బాణాలే" అన్నాను. ఇంకో సంగతీ చెప్పాను. ఆ సెప్టెంబరులో దామనపల్లి కనుమలో మాటు వేసినప్పుడు, ముందు నడిచిన మన దేశపు పోలీసులను పోనిచ్చి, వెనక వస్తున్న తెల్ల అధికారులిద్దరి మీదే కాల్చారు. గురి ఉండీ ఎవరిని వదిలేశారన్నది కూడా యుద్ధంలో భాగమే కదా.

ఇది కూడా కన్నీళ్ళున్న కథే, కాదనను. మన్యం జనం పడ్డ కష్టం తక్కువది కాదు. అయితే ఆ కష్టం దాచకుండా ఆట నడపొచ్చు. ఆయుధాన్ని ఉన్నది ఉన్నట్టు, ఉన్నంతే ఇస్తే చాలు, ఆడేవాడు ఆలోచించక తప్పదు. నా మాట అదొక్కటే. కాలాన్ని అందం చూసి, తుపాకిని మోత చూసి ఎంచుకోకండి.

మొన్న ఆదివారం మొదటి భాగం తయారైంది. "అమ్మా, ముందు నువ్వే ఆడు" అని నా చేతిలో పెట్టారు. చేతులు వణుకుతున్నాయి. కనుమలో బూట్ల చప్పుడు వినపడగానే కంగారులో బటన్ నొక్కేశాను. ముందు నడుస్తున్న పోలీసు పడిపోయాడు. తెర నల్లబడింది.

"అమ్మా, అతను మనవాడే" అన్నాడు మా వాడు మెల్లగా.

ఆట అని తెలుసు. అయినా కాసేపు మాట రాలేదు.

మీ పిల్లలు కూడా రోజూ ఏదో ఒక యుద్ధం ఆడుతూనే ఉంటారు. అది ఎవరి మీద యుద్ధమో, ఎవరింట్లో దాని గురించి ఇంకా ఏడుస్తున్నారో ఓసారి పక్కన కూర్చుని అడగండి. తిట్టకండి, దోసె వేసి పెట్టి అడగండి. చెబుతారు.