అమ్మ స్నానం నీళ్ళకి స్విచ్చి అమెరికాలో ఎందుకు?



కోయంబత్తూరులో మన ఇళ్ళ మేడల మీద ఈమధ్య కొత్త మిషను ఒకటి కనబడతా ఉంది. ఏసీకి బయట పెట్టే పెట్టెలాంటిది ఒకటి, పక్కన పొడుగ్గా ట్యాంకు ఒకటి. హీట్ పంపు అంటారు. జూన్ నుంచి ఆగస్టు దాకా పాలక్కాడు కనుమ వైపు నుంచి మబ్బులు కమ్ముకుంటే సోలారులో నీళ్ళు సరిగా కాగవు. గీజరు వేస్తే ఈబీ బిల్లు చూసి మనం కాగిపోతాం. అందుకని బయటి దేశంలో ఉండే పిల్లలు డబ్బు పంపి అమ్మానాన్నలకు ఇది పెట్టిస్తున్నారు. మంచి పనే. మిషను మంచిదని మేమూ చెబుతాం. మా పేచీ అంతా దాన్ని ఎవరు నడుపుతున్నారు అన్న దాని మీదే.

బిగించే రోజు వచ్చిన కుర్రాడు ఫోనులో కొడుకుతో మాట్లాడతాడు, కొడుకు ఫోనులో యాప్ ఎక్కించుకుంటాడు. ఇంట్లో ఉండే పెద్దవాళ్ళకి మాత్రం "మీరు దేన్నీ తాకకండి పాటీ" అని చెప్పి పోతాడు. తరువాత ఏమవుతుంది? నీళ్ళు చాలినంత వేడిగా లేవని అమ్మ ఫోనులో అంటుంది, కొడుకు అక్కడ రాత్రి పడుకోబోయే ముందు 50 ఉన్నదాన్ని 65 చేస్తాడు. ఇక్కడ పొద్దున నాయనకు ఆ సంగతి తెలియదు. రోజూ తిప్పినట్టే కొళాయి తిప్పి కాళ్ళ మీద పోసుకుంటాడు. 60 డిగ్రీల నీళ్ళు ఐదారు సెకన్లలో చర్మాన్ని బొబ్బలెక్కించేస్తాయి. 50లో అయితే కాలడానికి నిమిషాలు పడుతుంది, చెయ్యి వెనక్కి తీసుకోవడానికి టైము ఉంటుంది. వయసు మీద పడిన చర్మం పలచన. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళలో చాలామందికి పాదాల్లో స్పర్శ తగ్గిపోయి ఉంటుంది, కాలినట్టు కూడా వెంటనే తెలియదు. మన సంఘంలో చక్కెర లేని ఇల్లు ఎన్ని, చెప్పండి?

అందుకని మేము చెప్పేది ఒకటే. వేడి ఎంత పెట్టాలో ఆ ఇంట్లో స్నానం చేసేవాళ్ళకే తెలియాలి, వాళ్ళే మార్చాలి. కొడుకు యాప్‌లో చూసుకోనీ, మార్చకూడదు. మార్చాలంటే ముందు ఫోను చేసి చెప్పి మార్చాలి.

నడిపే విధానం పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఫ్రిజ్జు వెనక చెయ్యి పెడితే వెచ్చగా ఉంటుంది కదా, లోపలి వేడిని లాగి వెనక వదులుతుంది. ఇది గాలిలో ఉండే వేడిని లాగి నీళ్ళకి ఇస్తుంది. 200 లీటర్ల నీళ్ళను 25 నుంచి 55 డిగ్రీలకు తేవాలంటే గీజరుకు సుమారు 7 యూనిట్లు కావాలి. మన ఊరి వాతావరణంలో దీనికి రెండు, రెండున్నర చాలు. కానీ గీజరులాగా పది నిమిషాల్లో కాగవు, రెండు మూడు గంటలు పడుతుంది. పొద్దున నాలుగింటికి లేచి స్విచ్చి వేసేవాళ్ళు అక్కడే చెడుతున్నారు. గాలి ఎంత వెచ్చగా ఉంటే మిషనుకు అంత సులువు, కాబట్టి పగలు పదకొండు నుంచి మూడు లోపల కాగేటట్టు టైమరు పెట్టండి. ట్యాంకు మంచిదైతే మరునాటి పొద్దుటికీ వేడి నిలుస్తుంది. కరెంటు పోయి వస్తే వెంటనే ఆన్ ఆఫ్ చేస్తా ఆడకండి. మిషనే మూడు నిమిషాలు ఆగి మొదలుపెడుతుంది.

వేడి 50 నుంచి 55 లోపల ఉంటే చాలు. బిల్లు తగ్గుతుందని 40లో పెట్టి వదిలేసేవాళ్ళున్నారు, అదీ తప్పే. 20 నుంచి 45 డిగ్రీల లోపల నిలవ నీళ్ళలో లెజియొనెల్లా అనే క్రిమి పెరుగుతుంది. షవరు తుంపరలతో ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా తెస్తుంది. వారానికి ఒకసారి 60కి పైగా కాచే ఏర్పాటు చాలా మిషన్లలో ఉంటుంది. రాత్రి, అందరి స్నానాలూ అయినాక పెట్టుకోండి, మరునాడు పొద్దున ఆ సంగతి అందరికీ చెప్పండి. ఏ రోజైనా సరే బక్కెట్టులో ముందు చన్నీళ్ళు, తరువాతే వేన్నీళ్ళు. చూసేది చేత్తో, కాలితో కాదు.

ఇక వాల్వు. ట్యాంకు పక్కన చిన్న ఇత్తడి వాల్వు, దానికి ఒక పైపు ఉంటుంది. నీళ్ళు కాగేటప్పుడు కొంచెం కారుతుంది, అది దాని పని. మేడ తడుస్తోందని ప్లంబరు చేత దానికి డమ్మీ కొట్టించిన ఇల్లు మేము కళ్ళారా చూశాం. ఒళ్ళు జలదరించింది. రైల్వేలో పనిచేసిన మాకు ఆవిరి ఇంజను సేఫ్టీ వాల్వు అంటే ఏమిటో తెలుసు. మేట్టుపాళయం నుంచి కూనూరు కొండ ఎక్కే ఇంజను మీద ఇవాళ్టికీ చూడొచ్చు. లోపలి ఒత్తిడి పోవడానికి ఉన్న ఒకే దారిని మూస్తే ట్యాంకే బాంబు. ప్రెషర్ పంపు పెట్టుకున్న ఇళ్ళల్లో ఇంకా ప్రమాదం. ఆ పైపు కిందికి వంగి, నోరు తెరిచి, మనిషి నడవని చోట ఉండాలి. ఆరు నెలలకోసారి మెకానిక్ చేత వాల్వు మీట ఎత్తించి చూడండి.

సిరువాణి నీళ్ళు అయితే భయం లేదు, ఉప్పునీళ్ళు పోసే ట్యాంకులో మాత్రం మెగ్నీషియం కడ్డీ తొందరగా అరిగిపోతుంది. ఏడాదికోసారి తీసి చూడమనండి. కడ్డీ అయిపోతే తరువాత తుప్పు ట్యాంకునే తింటుంది.

గ్యాసు సంగతి కూడా. పెట్టె మీద రేకులో ఆర్290 అని ఉంటే అది ప్రొపేను, వంటగ్యాసు జాతిదే. కానీ వంటగ్యాసుకు కలిపే వాసన దీనికి కలపరు, లీకైతే ముక్కుకు తెలియదు. ఆర్32కి కూడా నిప్పు అంటుకునే గుణం కొంచెం ఉంది. కాబట్టి పెట్టె గాలి ఆడే చోటే ఉండాలి, పక్కన సాంబ్రాణి, కర్పూరం, బీడీ వద్దు. "ఏడాదికోసారి గ్యాసు పట్టాలి" అనేవాణ్ణి నమ్మకండి. గ్యాసు ఖర్చయ్యే వస్తువు కాదు, తగ్గిందంటే ఎక్కడో లీకు ఉందన్నమాట. అది వెతికి మూయకుండా నింపితే మన డబ్బే గాలికి పోతుంది. ఎర్తు, 30 మిల్లీఆంపియర్ ఆర్‌సీసీబీ రెండూ లేకుండా స్నానాల గదికి వెళ్ళే నీళ్ళను ఏ మిషనుతోనూ కాచకండి. ఆర్‌సీసీబీ టెస్టు బటన్ నెలకోసారి నొక్కండి. స్విచ్చి ఆపినా లోపలి కెపాసిటరులో కరెంటు నిలిచి ఉంటుంది, మూత మనం తెరవకూడదు.

చివరగా ఒక కాగితం పని. మాన్యువల్ ఇంగ్లీషులో వస్తుంది. మనం ఇంట్లో తెలుగు మాట్లాడి బయట తమిళంలో చదువుకున్నవాళ్ళం, అవ్వలకు కొందరికి ఏదీ చదవడం రాదు. ఎంత డిగ్రీలు, ఏ గంటకు కాగుతుంది, ఏ రాత్రి 60 పెడతారు, మెకానిక్ నంబరు, పోయిన సర్వీసు తేదీ, ఇవి పెద్ద అక్షరాలతో తమిళంలోనో తెలుగులోనో రాసి స్నానాల గది తలుపు మీద అంటించండి. పనమ్మాయికి చదివి వినిపించండి. అవ్వకు బొమ్మ వేసి చూపించండి. మా ఇంట్లో అంటించిన కాగితం ఫోటో రేపు ఇక్కడ పెడతాం, కావాలంటే అదే చూసి రాసుకోండి. ఈ మిషను ఉన్నవాళ్ళు ఇవాళే ఒకసారి మేడెక్కి ఆ వాల్వు పైపు నోరు తెరిచి ఉందో లేదో చూసి చెప్పండి.