తెర మీది తెల్లచీర నిజంగా తెలుపేనా?

ఈ వారం తారల కబుర్లకు కాస్త విరామం. మా విశాఖ కుర్రాళ్లు నా మీద ఒకటే ఫిర్యాదుల వాన కురిపిస్తున్నారు. "లేజర్ ప్రొజెక్టర్ వచ్చాక హీరోయిన్ తెల్లచీర గులాబీ రంగు కొడుతోందండీ, ఆపరేటర్ బొమ్మ చెడగొడుతున్నాడు" అని ఒకరు. అదే హాలు, అదే ఆట చూసిన ఇంకొకరు "మల్లెపువ్వులా ఉంది" అంటారు. నన్నడిగితే ఇద్దరూ నిజమే చెబుతున్నారు. పాపం ఆపరేటరే మధ్యలో తిట్లు తింటున్నాడు!

పాత ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లు ముసలివైతే బొమ్మంతా ఎర్రబారేది, గుర్తుందా? అది ప్రింటు జబ్బు. హాలంతటికీ ఒకేలా కనిపించేది. ఇది అలాంటిది కాదు. జినాన్ దీపం వెలుగులో ఇంద్రధనుస్సు మొత్తం ఉంటుంది. మూడు రంగుల లేజర్లో ఉండేవి మూడే సన్నటి గీతలు... ఎరుపు, ఆకుపచ్చ, నీలం. (నీలం లేజరుతో ఫాస్ఫర్‌ను వెలిగించే రకం వేరే ఉంది. దానితో ఈ తగువు తక్కువ.) ఆ మూడూ మన కంట్లో కలిసి తెలుపవుతాయి.

మూడూ సమానంగా పోస్తే చాలదా? చాలదు. మన కన్ను మహా పక్షపాతి! పగటి చూపులో 555 నానోమీటర్ల దగ్గరి పసుపు కలిసిన ఆకుపచ్చకు నూటికి నూరు మార్కులు వేస్తే, 520 దగ్గరి ఆకుపచ్చకు 71, 638 దగ్గరి ఎరుపుకు 19. అంటే ఒక వాట్ ఆకుపచ్చంత వెలుగు కనిపించాలంటే ఎరుపు దాదాపు నాలుగు వాట్లు పోయాలి. ఎరుపును 650కి జరిపితే మార్కులు 11కి పడిపోతాయి. చూడబోతే అదే ఎరుపు, పవరేమో సుమారు రెట్టింపు! నీలానిది అమ్మ వేషం. తెలుపులో దాని వెలుగు వాటా నూటికి ఆరో ఏడో... కానీ అది తగ్గిందా, చీరకు పసుపు రాసినట్టే.

అన్నట్టు, 1978లో బాలచందర్ మన విశాఖ తీరంలో తీసిన 'మరో చరిత్ర' నలుపు తెలుపు చిత్రం. దానికి రంగుల గొడవేముంది అనుకోకండి. లేజర్‌తో వేస్తే అసలు పరీక్ష దానికే! బూడిద రంగులో పిసరంత గులాబీ చేరినా ఇట్టే పట్టేస్తాం.

ఇంతకీ ఈ మార్కులు ఎవరి కంటివి? సగటు కంటివి. 1931లో అంతర్జాతీయ సంఘం ఒక 'ప్రామాణిక పరిశీలకుణ్ణి' ఖాయం చేసింది. ప్రొజెక్టర్ సరిచేసే మీటర్లు మామూలుగా ఆయన కళ్లతోనే చూస్తాయి. చిక్కల్లా ఒకటే... ఆయన మన హాల్లో టిక్కెట్టు కొనడు! కొనేవాళ్లలో తాతగారి కంటి కటకం వయసుతో పసుపుబారి నీలాన్ని కొంత మింగేస్తుంది. రంగులు పట్టే కణాలు కుర్రాళ్లలో కూడా అందరికీ అచ్చం ఒకేలా ఉండవు. జినాన్ వెలుగులో సర్దుకుపోయే ఈ తేడాలు, లేజర్ సన్నగీతల ముందు బయటపడతాయి.

మా వీధి కుర్రాడొకడు దీనికి హడలిపోయాడు. ఓడ ఉద్యోగం వాడి కల. "మేస్టారూ, నాకొక్కడికే గులాబీ కనిపించింది. నా కళ్లలో లోపమా?" అని ముఖం వేలాడేశాడు. భయం అర్థం లేనిది కాదు. మన రేవులోకి వచ్చే ఓడకు ఎడమవైపు ఎర్రదీపం, కుడివైపు ఆకుపచ్చ దీపం దారి చూపిస్తాయి. అక్కడ "నాకలా కనిపించింది" అంటే కుదరదు. కోర్సుకు డబ్బు కట్టకముందే కళ్లు చూపించుకోమన్నాను. ఇషిహారా చుక్కల పుస్తకంలో అంకెలన్నీ గడగడా చదివేశాడట! ఎరుపు, ఆకుపచ్చ చక్కగా పోల్చగలిగిన కంటికీ లేజర్ తెలుపు గులాబీగా తోచవచ్చు. ఆ పరీక్ష వేరు, ఈ తేడా వేరు.

ఇక ఆపరేటర్ మీద కేకలేసే ముందు ఒక పని చెయ్యండి. ఇంటర్వెల్లో పక్క సీటాయన్నీ, వెనక వరసలో పెద్దాయన్నీ అడగండి. అందరికీ గులాబీగానే ఉంటే మేనేజర్ గది తలుపు తట్టండి. మీటరు పెట్టి చూడమనండి.