సెగకు ఒక మందు, పొగకు ఇంకో మందు

ఒమన్‌లో ఈద్ వచ్చిందంటే పల్లెల్లో గోతులు వేడెక్కుతాయి. వెల్లుల్లి, వెనిగర్, ఏలకులు, లవంగాలు, జీలకర్ర, మిరియాలు పట్టించిన మాంసాన్ని అరటాకుల్లో చుట్టి, ఎండిన ఖర్జూరపు ఆకుల సంచిలో కట్టి, నిప్పులు నిండిన గోతిలోకి దించుతారు. పైన మూత వేసి, సందు లేకుండా మట్టి కప్పేస్తారు. ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు దాని జోలికి ఎవరూ పోరు. అదే షువా. పైకి తీసేసరికి మాంసం ఎముక నుంచి దానంతటదే ఊడి వస్తుంది. థర్మామీటరు లేదు, ఫ్యాను లేదు, కరెంటు లేదు. వేడిని పట్టి ఉంచే మట్టి చుట్టూ ఉంది, గాలి దూరే దారి మూసుకుపోయింది. అంతే.

వందల రియాళ్లు పోసి కొన్న, చెక్క గుళికలు కాల్చే పెల్లెట్ గ్రిల్‌కు ఈ నిలకడ ఎందుకు రాదు? దాన్ని వాడేవాళ్ల ఫిర్యాదులు ఎక్కడైనా రెండే: వేడి ఒకచోట నిలవదు, పొగ రుచి అంటదు. ఈ రెండింటికీ కలిపి ఒకే పరిష్కారమని ఖరీదైన కొత్త మోడల్ కొనడం డబ్బు దండగ. జబ్బులు రెండు, మందులూ రెండు.

ముందు యంత్రం సంగతి. 1970ల చమురు సంక్షోభం తర్వాత అమెరికాలో ఇళ్లు వెచ్చబరచుకోవడానికి రంపపు పొట్టును గుళికలుగా ఒత్తి కాల్చే పొయ్యిలు వచ్చాయి. ఆ ఆలోచనను వంటకు మళ్లించింది ఆరెగాన్ రాష్ట్రానికి చెందిన జో ట్రేగర్. 1986లో పేటెంట్ పొందాడు. 2006లో దాని గడువు తీరాక ఎన్నో కంపెనీలు రంగంలోకి దిగాయి. డబ్బాలోని పెల్లెట్లను ఆగర్ అనే మరచుట్ల కడ్డీ నిప్పుకుండలోకి తోస్తుంది, ఫ్యాను గాలి విసురుతుంది. వేడిని అదుపు చేసే పాత కంట్రోలర్లలో కొన్ని పొగ సెట్టింగులో 15 సెకన్లు పెల్లెట్లు తోసి, నిమిషానికి పైగా ఆగుతాయి. బయట ఎండ ఎంత, మూత ఎన్నిసార్లు తెరిచారు అన్న లెక్క వాటికి లేదు. అందుకే 107 డిగ్రీల సెల్సియస్‌కు పెట్టిన గ్రిల్ కాసేపు 115కు ఎగబాకి, కాసేపు 100కు జారుతుంది. పీఐడీ కంట్రోలర్ అలా కాదు. వేడి ఎంత తగ్గింది, ఎంత వేగంగా తగ్గుతోంది అని చూసి, దాన్నిబట్టి పెల్లెట్లు వేస్తుంది. చాలా పాత గ్రిల్స్‌కు దీన్ని విడిగా అమర్చుకోవచ్చు.

అయితే కంట్రోలర్ కొనే ముందు చేయాల్సిన పని ఒకటుంది. గ్రిల్ లోపలి గోడకున్న సన్నటి సెన్సర్ కడ్డీని ఒకసారి తాకి చూడండి. చాలాసార్లు దానిమీద కొవ్వు, మసి కలిసి నల్లటి తారులా గట్టిపడి ఉంటుంది. ఆ పొర కింద ఉన్న సెన్సర్ వేడిని ఆలస్యంగా పసిగడుతుంది. శుభ్రం చేయడానికి పైసా ఖర్చు లేదు. విడి థర్మామీటరును మరిగే నీళ్లలో ముంచి సరిచూసుకుని, మాంసం పెట్టే చోటే ఉంచాలి. మస్కట్‌లో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. 2,000 మీటర్ల ఎత్తున్న జబల్ అఖ్దర్ మీద సుమారు 93 దగ్గరే మరుగుతాయి. ఆ తేడా తెలియకపోతే మంచి థర్మామీటరునే అనుమానించాల్సి వస్తుంది. తర్వాత మూత అంచుకు వేడిని తట్టుకునే గాస్కెట్ అతికించాలి. షువా గోతికి మట్టి చేసే పని ఇదే.

ఒమన్ వాతావరణం మరో చిక్కు. 2018 జూన్‌లో ఖురయ్యాత్‌లో 24 గంటల పాటు ఉష్ణోగ్రత 42.6 డిగ్రీల కంటే కిందికి దిగలేదు. అలాంటి రాత్రి 30 డిగ్రీల లోపు చల్లటి పొగ పట్టించడం ఏ గ్రిల్‌కూ సాధ్యం కాదు. సలాలాలో చిక్కు తేమతో. ఖరీఫ్ అనే వానాకాలపు తుంపర్లలో తెరిచి ఉంచిన పెల్లెట్లు తేమ పీల్చి ఉబ్బి, పొట్టుగా రాలి ఆగర్‌ను బిగదీస్తాయి. గాలి చొరబడని డబ్బాలో దాచకపోతే ఎంత మంచి కంట్రోలరైనా చేతులెత్తేస్తుంది. అమెరికా నుంచి తెచ్చుకున్న గ్రిల్ అయితే 120 వోల్టులది. ఒమన్‌లో వచ్చేది 240. మోటారు, ఫ్యాను, వెలిగించే కడ్డీ ఇక్కడి కరెంటుకు సరిపోయేవి వేయించాకే ప్లగ్గు పెట్టాలి.

ఇక పొగ. పెల్లెట్ గ్రిల్ గొప్పతనమే ఇక్కడ లోపం. ఫ్యాను గాలికి చెక్క పూర్తిగా మండిపోతుంది. పొగ రుచినిచ్చే గ్వాయకాల్, సిరింగాల్ లాంటివి చెక్కలోని లిగ్నిన్ గాలి చాలక నెమ్మదిగా కాలినప్పుడే పుష్కలంగా పుడతాయి. పైగా కొవ్వు నిప్పుమీద పడకుండా కింద రేకు అడ్డుంటుంది. మిష్కాక్ అనే ఒమనీ కబాబు చువ్వల నుంచి కొవ్వు బొగ్గుల మీద చిటపటమని పడి లేచే ఆ కమ్మటి వాసన దీంట్లో ఎలా వస్తుంది?

పరిష్కారం హైదరాబాదులో మందీ తిన్న చాలామందికి తెలిసిందే. గిన్నెలో చిన్న కప్పు, అందులో ఎర్రటి నిప్పుకణిక, దానిమీద నెయ్యి చుక్క, వెంటనే మూత. పొగను పొయ్యితో పనిలేకుండా వేరేగా పుట్టించడమే కిటుకు. గ్రిల్‌లో ఆ పని చేసేది చిల్లుల స్టీలు గొట్టం. దాన్నిండా పెల్లెట్లు పోసి, ఒక చివర ముట్టించి, మంట ఆర్పేసి లోపల పెడితే అడుగు పొడవున్న గొట్టం సుమారు నాలుగు గంటలు పొగనిస్తుంది. పొగ పలచగా, నీలిగా ఉండాలి. దట్టంగా తెల్లగా వస్తే మాంసం చేదెక్కుతుంది. చల్లగా, తడిగా ఉన్న మాంసానికే పొగ బాగా అంటుతుంది గనుక ఫ్రిజ్‌లోంచి తీసిన ముక్కను నేరుగా గ్రిల్‌లో పెట్టి, మొదటి గంట తక్కువ వేడి మీదే ఉంచాలి.

ఒక్క విన్నపం. ఏసీ గదిని ఆనుకున్న మూసిన బాల్కనీలో ఈ గొట్టం గానీ గ్రిల్ గానీ వెలిగించకండి. నెమ్మదిగా కాలే చెక్క నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, ప్రాణం తీస్తుంది. ఆరుబయటే వండండి.